ఈస్ట్‌లో స్పోర్లు రాకపోతే ఎక్కడ ఆగిందో పట్టుకునే పద్ధతి

మా లాబ్‌కి ఏటా జనవరిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు వస్తారు. మార్చి దాటేసరికి వాళ్లలో ఎవరో ఒకరు ఫ్లాస్కు పట్టుకుని నా బెంచి దగ్గరికొచ్చి నిలబడతారు. "అక్కా, మూడ్రోజులైంది, స్పోర్లు రాలేదు." నేను అడిగేది ఒకటే. "ఎక్కడ ఆగింది?" దానికి జవాబుండదు. రాలేదన్నంతవరకే చూసుంటారు.

పదకొండేళ్లుగా ఈస్ట్‌తోనే నా పని. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఏమిటంటే, స్పోర్ (తిండి లేనప్పుడు ఈస్ట్ కట్టుకునే గట్టి గోడల కణం) కట్టడం ఒక్క పని కాదు. ఒకదాని వెనక ఒకటి జరగాల్సిన పనుల వరస. ప్రతి పనికీ ఒక జన్యువు, దాని ప్రొటీను. ఏది తప్పినా కణం ఆ మెట్టు మీదే ఆగుతుంది, ఆగిన మెట్టు మైక్రోస్కోప్‌లో కనబడుతుంది. కాబట్టి జన్యువుల పట్టిక బట్టీ పట్టక్కర్లేదు. ఫలానా చోట ఆగితే ఫలానా పేరు గుర్తుకు రావాలి, అంతే. ఆ చూపు ఎలా వస్తుందో, దానికి కల్చర్ ఎలా పెట్టుకోవాలో ఇక్కడ మొదటి నుంచీ రాస్తున్నాను.

పేర్ల గురించి ఒక్క మాట. ఇంగ్లిష్‌లో జన్యువుకి అన్నీ పెద్దక్షరాలు, ప్రొటీనుకి మొదటిది మాత్రమే పెద్దది, పాడైన జన్యువుకి అన్నీ చిన్నక్షరాలు. తెలుగు లిపిలో ఆ వెసులుబాటు లేదు. అందుకే నా నోట్‌బుక్కులో 'ఐమీ1 జన్యువు', 'ఐమీ1 ప్రొటీను', 'ఐమీ1 తీసేసిన స్ట్రెయిన్' అని విప్పి రాసుకుంటాను. స్ట్రెయిన్ అంటే ఒకే వంశపు ఈస్ట్. మీరూ అలాగే రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత మీ రాత మీకే అర్థం కావాలి కదా.

కణం ఎందుకు స్పోర్ కడుతుంది

ఈ ఈస్ట్ పేరు శాకరోమైసిస్ సెరివీసియే. బేకరీలో వాడేదీ ఇదే, మన కల్లుకుండలో కల్లుని పులియబెట్టే వాటిలోనూ ఇది ఉంటుంది. కణంలో ఒక్కో క్రోమోజోము ఒక్కోటే ఉంటే హాప్లాయిడ్, జతలుగా ఉంటే డిప్లాయిడ్. తెలుగు మీడియం పుస్తకాల్లో ఏకస్థితికం, ద్వయస్థితికం అని చదివుంటారు. హాప్లాయిడ్‌లో 16 క్రోమోజోములు. 'ఎ' రకం, 'ఆల్ఫా' రకం అని రెండు రకాల హాప్లాయిడ్లుంటాయి, అవి కలిస్తే డిప్లాయిడ్ పుడుతుంది. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ లాబొరేటరీలో ఓయివిన్ వింగె 1935లో ఈ రెండు దశల జీవితాన్ని చూపించాడు. స్పోర్లను ఒక్కోటిగా విడదీసి పెంచే పద్ధతి కూడా ఆయన దగ్గరే రూపు దిద్దుకుంది.

తిండి ఉన్నంతకాలం డిప్లాయిడ్ కణం మొగ్గలేస్తూ పెరిగిపోతుంది. నత్రజని అయిపోయి, గ్లూకోజ్ లేకపోయి, అసిటేట్ లాంటిది మాత్రమే మిగిలినప్పుడు క్షయకరణ విభజనకి దిగుతుంది. డీఎన్‌ఏని ఒకసారి రెట్టింపు చేసుకుని, రెండుసార్లు విడిపోయి, నాలుగు కేంద్రకాలు చేసుకుని, నాలుగింటికీ నాలుగు గట్టి గోడలు కట్టుకుంటుంది. పాత కణం పైపొర తిత్తిలా మిగులుతుంది, లోపల నాలుగు స్పోర్లు. దాన్నే టెట్రాడ్ అంటాం.

బయట నత్రజని లేదు కదా, కొత్త ప్రొటీన్లు దేనితో చేస్తుంది? తన పాత ప్రొటీన్లనే కరిగించుకుంటుంది. ఆటోఫజీ అంటే అదే. యోషినోరి ఒసుమి ఈస్ట్‌లో ఈ జన్యువులను పట్టుకున్నందుకే 2016లో నోబెల్ వచ్చింది. ఆటోఫజీ చెడిపోయిన డిప్లాయిడ్లు స్పోర్లు కట్టలేవు.

కల్చర్ పెట్టే ముందు స్ట్రెయిన్‌ని నమ్మకండి

నేను చేరిన కొత్తలో రెండు నెలలు ఒక స్ట్రెయిన్‌తో కుస్తీ పట్టాను. ఒక జన్యువు తీసేశాను, స్పోర్లు రాలేదు. ఆ జన్యువు స్పోర్లకి అవసరమని మీటింగులో బల్లగుద్ది చెప్పాను. తర్వాత మా సీనియర్ ఒకావిడ నా ప్లేటు చూసి, "కాలనీలు ఇంత చిన్నగా ఉన్నాయేంటి? గ్లిసరాల్ మీద పెట్టావా?" అంది. పెట్టాను. పెరగలేదు. నా స్టాకు పెటీట్ అయిపోయింది, అంటే మైటోకాండ్రియా పని చేయడం లేదు. అసిటేట్‌ని వాడుకోవాలంటే కణం ఊపిరి తీసుకోగలగాలి. ఊపిరే లేని కణం స్పోర్ ఎలా కడుతుంది? నేను తీసేసిన జన్యువుకి దాంతో సంబంధమే లేదు. ఆ రోజు నుంచి ఏ స్ట్రెయిన్ అయినా ఫ్రీజర్‌లోంచి తీయగానే 3 శాతం గ్లిసరాల్ ప్లేటు మీద గీసి, రెండ్రోజుల్లో పెరిగిన కాలనీనే వాడతాను. దీనికి ఖర్చు ఒక్క ప్లేటు.

రెండోది, అది నిజంగా డిప్లాయిడేనా? హాప్లాయిడ్‌ని ఎన్నాళ్లు ఆకలితో ఉంచినా స్పోర్లు రావు. కారణం ఆర్‌ఎమ్‌ఈ1 ప్రొటీను. హాప్లాయిడ్‌లో ఇది స్పోర్ పనిని మొదలెట్టే ఐమీ1 జన్యువుని తెరుచుకోనివ్వదు. డిప్లాయిడ్‌లో 'ఎ' వైపు నుంచి వచ్చిన ఎ1, 'ఆల్ఫా' వైపు నుంచి వచ్చిన ఆల్ఫా2 అనే ప్రొటీన్లు జతకట్టి ఆర్‌ఎమ్‌ఈ1 జన్యువునే మూసేస్తాయి. అడ్డు తొలగింది కాబట్టి ఐమీ1 తెరుచుకోగలుగుతుంది. అనుమానముంటే 'ఎ', 'ఆల్ఫా' పరీక్ష స్ట్రెయిన్లతో కలిపి చూడండి. దేనితోనూ కలవకపోతే చాలావరకు డిప్లాయిడే.

మూడోది చాలామంది చేసే పొరపాటు. స్పోర్లకి పనికొచ్చే జన్యువుని పరీక్షించాలంటే రెండు కాపీలూ తీసేయాలి. ఎందుకంటే పనంతా తల్లి కణం, అంటే డిప్లాయిడ్, చేస్తుంది. ఒక్క కాపీ మిగిలినా చాలాసార్లు అంతా మామూలుగానే జరిగిపోతుంది. 'ఎ' హాప్లాయిడ్‌లో ఒకసారి, 'ఆల్ఫా' హాప్లాయిడ్‌లో ఒకసారి తీసేసి, ఆ రెంటినీ కలపండి. ఈ జన్యువుల్లో ఎక్కువ భాగం మామూలు పెరుగుదలకి అక్కర్లేదు. ఐమీ1 పూర్తిగా లేని డిప్లాయిడ్ కూడా తిండి ఉన్న ప్లేటు మీద నిక్షేపంగా పెరుగుతుంది.

ఇక స్ట్రెయిన్ జాతి. ఎస్‌కే1 అయితే వందలో తొంభైకి పైగా కణాలు ఒక్కరోజులో స్పోర్లు కడతాయి. జీనోమ్ మొదట చదివిన ఎస్288సీ, దాని బంధువు బీవై4743 అలా కాదు. వారం ఆగినా వందలో పదీ పరకా. కొత్తవాళ్లు ఇది తెలియక తమ చేతిలో లోపముందని బాధపడతారు. లోపం చేతిలో లేదు. 2005లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఈ రెండు స్ట్రెయిన్లను కలిపి చూస్తే ఈ తేడాకి కారణమైన మార్పులు ఆర్‌ఎమ్‌ఈ1, టీఏఓ3, ఎమ్‌కేటీ1 అనే మూడు జన్యువుల్లో దొరికాయి. ఒక్కో చోట మారింది ఒక్క డీఎన్‌ఏ అక్షరం. గంటగంటకీ కణాలను చూడాలనుకుంటే ఎస్‌కే1 తీసుకోండి.

కల్చర్

ముందురోజు ఉదయం వైపీడీలో (గ్లూకోజ్ ఉన్న మామూలు తిండి ద్రవం) చిన్న కల్చర్. సాయంత్రం దాన్ని వైపీఏలోకి మార్చాలి. వైపీఏ అంటే 100 మిల్లీలీటర్లకి 1 గ్రాము ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 2 గ్రాముల పెప్టోన్, 1 గ్రాము పొటాషియం అసిటేట్. ఇందులో గ్లూకోజ్ లేదు కాబట్టి రాత్రంతా కణాలు ఊపిరితో బతకడం అలవాటు చేసుకుంటాయి. పొద్దున ఓడీ (కణాలు ఎంత చిక్కగా ఉన్నాయో కాంతితో కొలిచే అంకె) 1.3 నుంచి 1.6 మధ్యలో ఉండేలా ఎంత కలపాలో మీ స్ట్రెయిన్‌తో ఒకట్రెండు సార్లు చేస్తే తెలిసిపోతుంది. ఓడీ మరీ పెరిగిపోతే నేనైతే పారేసి మళ్లీ పెడతాను, ఎందుకంటే కణాలు కలిసి మొదలెట్టవు, గంటల లెక్క చెడిపోతుంది.

పొద్దున కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి, స్టెరైల్ నీళ్లతో కడిగి, స్పోరులేషన్ ద్రవంలో ఓడీ 2 దగ్గరికి కలపండి. ద్రవం చాలా తేలిక: 100 మిల్లీలీటర్లకి 1 గ్రాము పొటాషియం అసిటేట్, 20 మిల్లీగ్రాముల రాఫినోజ్. స్ట్రెయిన్‌కి ల్యూసిన్, హిస్టిడిన్ లాంటివి కావాల్సి ఉంటే కొద్దికొద్దిగా వేయండి. ధారాళంగా వేస్తే అవే నత్రజని తిండి అయిపోయి కణం ఆకలి మరిచిపోతుంది. కడగడం దగ్గర బద్ధకించినా ఇదే తంటా, ఎందుకంటే వైపీఏ చుక్కలు అడుగున మిగిలిపోతాయి.

పొటాషియం అసిటేట్ సీసా గురించి మన ఊళ్లలో పనిచేసేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. అది గాలిలో తేమ లాగేస్తుంది. జూలైలో మూత సరిగా పెట్టకపోతే వారంలో పొడి కాస్తా ముద్ద, ఇంకో వారంలో పాకం. అప్పుడు తూచిన గ్రాములో సగం నీళ్లే. అసిటేట్ తగ్గితే టెట్రాడ్లకి బదులు తిత్తికి రెండు స్పోర్లే కనబడతాయి, దాని సంగతి కిందకి వస్తుంది. మేం సీసాని సిలికా జెల్ డబ్బాలో పెట్టి, వానాకాలం రాకముందే 20 శాతం స్టాకు చేసి ఫిల్టర్ చేసి పెట్టుకుంటాం.

గాలి బాగా ఆడాలి. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 25 మిల్లీలీటర్లే పోయండి, షేకర్ నిమిషానికి 220 తిప్పుల మీద పెట్టండి. ఎండాకాలం కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు షేకర్ ఆగి, తిరిగి కరెంటు వచ్చినా అది తనంతట తాను మొదలవక, ఆదివారమంతా ఫ్లాస్కులు నిలబడిపోయిన సందర్భం మాకుంది. సోమవారం చూస్తే అడుగున పేరుకున్న కణాలన్నీ ఒక్క కేంద్రకంతో ఉన్నాయి. వేడి సంగతీ అంతే. యూరప్ ప్రోటోకాల్‌లో 'రూమ్ టెంపరేచర్' అని ఉంటే అది 22, 25 డిగ్రీలు. మన ఏప్రిల్ బెంచి మీద 34. ఎస్288సీ జాతికి 25 డిగ్రీల ఇంక్యుబేటర్, ఎస్‌కే1కి 30. ఎక్కువ వేడికి క్షయకరణ విభజన దెబ్బతింటుంది.

ఒకరోజు తర్వాత పీహెచ్ పేపర్ ముంచి చూడండి. అసిటేట్ వాడుకున్న కల్చర్ క్షారంగా మారి 8 దాటుతుంది. మారకపోతే కణాలు అసిటేట్‌ని ముట్టలేదన్నమాట. ఈ క్షారగుణాన్ని కణం కనిపెట్టి ఐమీ1 వైపు సంకేతం పంపడానికే రిమ్101 అనే ప్రొటీను దారి ఉంది.

గంటలవారీగా చూడటం

సున్నా గంట నుంచి 12 గంటల దాకా గంటకోసారి అర మిల్లీలీటరు తీసి 70 శాతం ఇథనాల్‌లో వేసి ఉంచండి. తర్వాత డాపి (డీఎన్‌ఏకి అంటుకుని వెలిగే రంగు) కలిపి, చేతులకి గ్లవ్స్‌తో, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కింద 200 కణాలు లెక్కపెట్టండి. ఒక కేంద్రకం ఉన్నవెన్ని, రెండున్నవెన్ని, నాలుగున్నవెన్ని. ఈ మూడు అంకెలు గంటవారీగా కాగితం మీద రాస్తే సగం సమస్య తేలిపోతుంది. ఎస్‌కే1లో 30 డిగ్రీల దగ్గర అయిదారు గంటలకి రెండు కేంద్రకాలు, ఏడెనిమిదికి నాలుగు రావాలి.

అన్నీ ఒక్క కేంద్రకం దగ్గరే ఉన్నాయనుకోండి. ఇక్కడ రెండు చోట్లలో ఏదో ఒక చోట ఆగుంటుంది. అసలు బయల్దేరలేదా, లేక బయల్దేరి విభజన ముందు నిలబడిపోయిందా? ఫ్లో సైటోమీటర్‌లో డీఎన్‌ఏ కొలిస్తే తెలుస్తుంది. డీఎన్‌ఏ రెట్టింపు కాకపోతే మొదటి మెట్టు దగ్గర చూడాలి: ఐమీ1. ఇది మొత్తానికి యజమాని లాంటి ప్రొటీను. ఊమీ6 అనే ప్రొటీను మామూలప్పుడు తొలి జన్యువులను మూసి ఉంచుతుంది, ఐమీ1 వచ్చి చేరితే అవే తెరుచుకుంటాయి. అలా తెరుచుకున్న వాటిలో ఐమీ2 ఒకటి. అదొక కైనేజ్ (వేరే ప్రొటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము), డీఎన్‌ఏ రెట్టింపు సకాలంలో మొదలవడానికి కావాలి.

డీఎన్‌ఏ రెట్టింపయింది, కానీ కేంద్రకం ఒక్కటే. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే మొత్తం కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇది.

డీఎన్‌ఏ రెట్టింపయ్యాక కణం తన క్రోమోజోములను తనే తెంపుకుంటుంది. తెంపేది స్పో11 ప్రొటీను. ఒక్క కణంలో సుమారు 150 నుంచి 200 చోట్ల రెండు పోగులూ తెగుతాయి. 1997లో స్కాట్ కీనీ, క్రెయిగ్ జిరూ, నాన్సీ క్లెక్నర్ తెగిన డీఎన్‌ఏ కొసకి అతుక్కుని ఉన్న ప్రొటీను స్పో11 అని తేల్చారు. మన దేహంలో అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు పనిచేసేదీ ఈ కుటుంబపు ప్రొటీనే. తెగిన కొసలను జత క్రోమోజోముతో అతికించడానికి డీఎమ్‌సీ1 కావాలి. అలా అతికినవాటిలో కొన్ని అటుది ఇటు, ఇటుది అటు మార్చుకుంటాయి. ఆ మార్పిడి జరిగిన ముడులే మొదటి విభజనలో జత క్రోమోజోములను ఎదురెదురుగా పట్టి ఉంచుతాయి.

ఇప్పుడు పరీక్షలో అడిగినట్టు అడుగుతాను. స్పో11 తీసేస్తే ఏమవుతుంది, డీఎమ్‌సీ1 తీసేస్తే ఏమవుతుంది? రెంటిలోనూ ముడులు పడవు కాబట్టి ఫలితం ఒకటే అనుకుంటారు. కాదు. ఎస్‌కే1లో డీఎమ్‌సీ1 తీసేస్తే కణం ఒక్క కేంద్రకంతో ఆగిపోతుంది. తెగిన కొసలు అతుక్కోలేదని కాపలా ప్రొటీన్లు పట్టుకుని, ముందుకి పోనివ్వవు. స్పో11 తీసేస్తే అసలు తెగనే లేదు, కాపలాకి అభ్యంతరం కనబడదు, కణం సాఫీగా ముందుకెళ్లి స్పోర్లు కూడా కడుతుంది. చూడటానికి బ్రహ్మాండమైన టెట్రాడ్లు. విడదీసి ప్లేటు మీద పెడితే దాదాపు ఒక్కటీ మొలవదు. 16 క్రోమోజోములూ ఎటు పడితే అటు పోయాయి. పదహారు సార్లు వరసగా బొమ్మే పడాలన్నట్టుంది ఆ స్పోర్ల పరిస్థితి. అందుకే పిల్లలకి చెబుతాను, స్పోర్ కనబడగానే సంబరపడకండి, మొలిచాక పడండి.

ఈ విషయాన్ని తిప్పి రుజువు చేసే చక్కటి ప్రయోగం ఒకటుంది. స్పో13 తీసేస్తే కణం రెండు విభజనలకి బదులు ఒక్కటే చేసి, రెండు డిప్లాయిడ్ స్పోర్లు కడుతుంది. స్పో11, స్పో13 రెండూ లేని స్ట్రెయిన్ స్పోర్లు మొలుస్తాయి. ముడులు కావాల్సిన మొదటి విభజనే జరగలేదు కాబట్టి స్పో11 లేని లోటు ప్రాణం తీయదు. స్పో అనే ఇంటిపేరుతో ఈ మ్యుటెంట్లను (జన్యువు పాడైన స్ట్రెయిన్లను) మొదట ఏరిన మైకేల్ ఎస్పొజిటో, రోషెల్ ఎస్పొజిటోల పని 1969 నాటిది. వాళ్ల దగ్గర జీనోమ్ లేదు, పీసీఆర్ లేదు. చూసి ఏరారు.

కాపలా వాళ్లు ఆపేది దేన్ని? ఎన్‌డీటీ80 ప్రొటీనుని. ఇది రెండో యజమాని. ఇది లేస్తే మధ్య దశ జన్యువులన్నీ, విభజనకి కావాల్సినవీ గోడకి కావాల్సినవీ, ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఎన్‌డీటీ80 తీసేసిన కణాలు కూడా డీఎన్‌ఏ రెట్టింపు చేసుకుని, క్రోమోజోములను జతచేసుకుని, ఆ జతకట్టిన దశలోనే, అంటే పాకిటీన్‌లో, నిలబడిపోతాయి. 1998లో మైక్రోఅరేతో (వేల జన్యువుల పనిని ఒకేసారి కొలిచే పద్ధతి) చూసినప్పుడు స్పోరులేషన్‌లో వెయ్యికి పైగా జన్యువుల స్థాయిలు అలలు అలలుగా మారడం కనబడింది. ఆ మధ్య అలకి తలుపు తీసేది ఎన్‌డీటీ80.

దీన్ని మీరు ఇంట్లో పని చేసినంత తేలిగ్గా చూడొచ్చు. మూడో గంటలో కొంచెం కల్చర్ తీసి, కడిగి, వైపీడీలో వేయండి. తిండి దొరికింది కదా, కణాలు విరమించుకుని మొగ్గలేస్తాయి. ఏడో గంటలో తీసి అలాగే వేయండి. ఈసారి తిండి ఉన్నా వినవు, విభజన పూర్తిచేసే తీరతాయి. ఆ రెంటి మధ్యలో ఎన్‌డీటీ80 లేచింది.

నాలుగు కేంద్రకాలున్నాయి, స్పోర్లు లేవు

ఇది ఇంకో రకం ఆగడం. డాపిలో నాలుగు చుక్కలు మెరుస్తుంటాయి, మామూలు కాంతిలో చూస్తే తిత్తి లోపల గోడలే లేవు. అంటే క్రోమోజోముల పని అయిపోయింది, కట్టడం పని చెడింది.

కట్టడం ఇలా మొదలవుతుంది. రెండో విభజనలో కేంద్రకాన్ని లాగే తాళ్లకి నాలుగు మూలలుంటాయి, వాటిని స్పిండిల్ పోల్ బాడీ అంటారు. వాటి బయటి ముఖం మీద ఎమ్‌పీసీ54, స్పో21, స్పో74 ప్రొటీన్లు పీటలాగా అమరుతాయి. ఆ పీట మీద చిన్న బుడగలు వచ్చి చేరి కలిసిపోయి ప్రోస్పోర్ పొర అవుతుంది. అది కేంద్రకం చుట్టూ సంచిలా సాగి మూతి బిగుసుకుంటుంది. ఎమ్‌పీసీ54, స్పో21 వీటిలో ఏది లేకపోయినా పీట లేదు, పొర లేదు. నాలుగు కేంద్రకాలూ దిక్కులేకుండా మిగిలిపోతాయి. స్పో14 అనే లిపిడ్ ఎంజైము లేకపోయినా బుడగలు కలవవు, చూపుకి అదే దృశ్యం. సంచి మూతి దగ్గర అంచులా పట్టి ఉండేది ఎస్‌ఎస్‌పీ1. అది లేకపోతే పొర ఉంటుంది కానీ సరైన ఆకారంలో సాగదు.

పైన చెప్పిన రెండు స్పోర్ల తిత్తి సంగతి ఇక్కడిదే. అసిటేట్ తక్కువైతే కణం పీట ప్రొటీన్లను పొదుపుగా చేస్తుంది. నాలుగు మూలల్లో రెంటికే పీటలు వేసి, రెండు స్పోర్లే కడుతుంది. కాబట్టి మీ ఫ్లాస్కులో ఇవి ఎక్కువగా కనబడితే ముందు అసిటేట్ సీసా చూడండి, తర్వాత జన్యువు.

పొర మూసుకున్నాక గోడ. లోపలి నుంచి బయటికి నాలుగు పొరలు: మానన్, బీటా గ్లూకాన్, కైటోసాన్, డైటైరోసిన్. మొదటి రెండూ మామూలు కణం గోడలోనూ ఉంటాయి, అక్కడ వరస తిరగబడి ఉంటుంది. చివరి రెండు స్పోర్‌కే ప్రత్యేకం. సీహెచ్‌ఎస్3 కైటిన్ చేస్తే, సీడీఏ1, సీడీఏ2 దాన్ని కైటోసాన్‌గా మారుస్తాయి. డిట్1, డిట్2 ఎంజైములు టైరోసిన్‌లను జతకలిపి డైటైరోసిన్ ముడిసరుకు చేస్తాయి. ఈ పనులకి మేస్త్రీ లాంటిది ఎస్‌ఎమ్‌కే1 అనే కైనేజ్. అది లేనప్పుడు ఒకే తిత్తిలో ఒక స్పోర్‌కి ఒక పొర దాకా, ఇంకో స్పోర్‌కి ఇంకో పొర దాకా గోడ లేస్తుంది.

డైటైరోసిన్‌ని కంటితో చూడొచ్చు. నైట్రోసెల్యులోజ్ కాగితం మీద కణాల మచ్చలు పెట్టి, స్పోరులేషన్ ప్లేటు మీద మూడ్రోజులుంచి, అమ్మోనియా తడి తగిలించి యూవీ దీపం కింద పెడితే స్పోర్లున్న మచ్చ నీలంగా వెలుగుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, అమ్మోనియా ఫ్యూమ్ హుడ్‌లోనే. డిట్1 లేని మచ్చ చీకటిగా ఉంటుంది. అయినా ఆ స్పోర్లు బతికే ఉంటాయి, గోడ కరిగించే ఎంజైములకి మాత్రం త్వరగా లొంగుతాయి. వెలుగు రాలేదంటే స్పోర్లు లేవని రాసేయకండి, మైక్రోస్కోప్ కూడా చూడండి.

టెట్రాడ్ విడదీయడం

"అక్కా, ఇది మూడు స్పోర్లదే" అని కిందటేడు ఒకమ్మాయి చాలా టెట్రాడ్లను వదిలేసింది. ఫోకస్ నాబ్ కొంచెం తిప్పించాను. మూడింటి కింద నాలుగోది దాక్కుంది. మూడు గింజల మీద ఒక గింజ పెట్టినట్టు ఉండే అమరిక ఇది. కొన్ని మాత్రం వజ్రం ఆకారంలో పరుచుకుని ఉంటాయి. ఎప్పుడూ ఫోకస్ పైకీ కిందకీ తిప్పి చూడండి.

100 మైక్రోలీటర్ల కల్చర్ తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, 1 మోలార్ సార్బిటాల్‌లో కలిపిన జైమోలయేజ్ (తిత్తి గోడ కరిగించే ఎంజైము) 50 మైక్రోలీటర్లు వేయండి, మిల్లీలీటరుకి అర మిల్లీగ్రాము చొప్పున. 30 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు దాటాక ప్రతి మూడు నిమిషాలకీ ఒక చుక్క తీసి చూడండి. తిత్తి గోడ కరిగి, నాలుగు స్పోర్లూ ఇంకా ఒకదాన్నొకటి అంటుకునే ఉండాలి. అదే అదను. ఇంకాస్త ఆగితే చెదిరిపోతాయి, ఎవరి పిల్ల ఎవరిదో తెలియదు. చల్లటి నీళ్లు 150 మైక్రోలీటర్లు అంచు వెంబడి పోసి ఐసులో పెట్టండి. పిపెట్‌తో పైకీ కిందకీ లాగకండి, ట్యూబుని వేలితో కొట్టకండి.

ప్లేటు రెండ్రోజుల ముందు పోసి, సమంగా ఆరినదై ఉండాలి. ఒక అంచున ఒక్క గీత గీసి, సూదితో టెట్రాడ్‌ని ఎత్తి, నాలుగింటినీ ఒకే వరసలో అయిదు మిల్లీమీటర్ల ఎడంతో దింపండి. సూది కొస ఆగార్‌ని తాకగానే దాని చుట్టూ చిన్న నీటి వలయం మెరుస్తుంది. స్పోర్ ఆ నీటికి అంటుకుని లేస్తుంది. సూదితో గుచ్చి ఎత్తాలని చూడకండి, ఆగార్‌కి గుంట పడటం తప్ప లాభం లేదు. విడిపోకుండా మొండికేస్తే సూదిని అక్కడే ఉంచి మైక్రోస్కోప్ స్టేజీని వేలితో మెల్లగా తట్టండి. మొదటి రోజు గంటకి రెండు టెట్రాడ్లు వస్తే బాగా చేసినట్టే.

మూడో రోజు ప్లేటు చదవండి. మామూలు ఎస్‌కే1లో దాదాపు ప్రతి వరసా నాలుగుకి నాలుగు మొలవాలి. ప్రతి వరసలో రెండు మొలిచి రెండు చస్తుంటే, ప్రాణానికి అవసరమైన జన్యువొకటి ఒక కాపీలో పాడై ఉందేమో చూడండి. కొన్ని వరసల్లో నాలుగు, కొన్నిట్లో రెండు, కొన్నిట్లో సున్నా, మూడూ ఒకటీ మాత్రం అరుదు అంటే మొదటి విభజనలో క్రోమోజోములు తప్పుదారి పట్టాయి. మార్పిడి ముడులు చాలని మ్యుటెంట్లలో ఈ లెక్క కనబడుతుంది. అయితే మూడు, రెండు, ఒకటి ఎలా పడితే అలా ఉంటే నేను ముందు జైమోలయేజ్ సమయాన్ని, నా సూదిని అనుమానిస్తాను.

మొలిచిన వాటిని 'ఎ', 'ఆల్ఫా' పరీక్షకి పెట్టండి. ప్రతి వరసలో రెండూ రెండూ రావాలి. ఒక వరసలో మూడూ ఒకటీ వస్తే దాన్ని పక్కన పెట్టండి, అక్కడ నాలుగింటిలో ఒకటి పక్క తిత్తి నుంచి వచ్చి చేరి ఉండే అవకాశం ఎక్కువ. సరిగ్గా వచ్చిన వరసల నుంచి నాలుగు కాలనీలనూ, కావాల్సిన ఒక్కదాన్నే కాదు, 20 శాతం గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80లో దాచండి. ట్యూబు మీద తేదీ, తల్లి స్ట్రెయిన్ నంబరు, వరస, ఎ బీ సీ డీలలో ఏదో పెన్సిల్‌తో రాయండి. మార్కర్ ఇథనాల్ తగిలితే చెరిగిపోతుంది.